వార్డు దాటి వచ్చినా నర్సులమే

సంపాదకులు గారికి నమస్కారం.

జిల్లాలో నర్సుల కొరత గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వార్త చదివాను. కాస్త అనుభవం రాగానే నర్సులు వృత్తిని వదిలేసి ఆఫీసు కుర్చీల్లోకి వెళ్లిపోతున్నారని, అందువల్లనే వార్డుల్లో కొత్త పిల్లలు మాత్రమే మిగులుతున్నారని అందులో ఒక ఆసుపత్రి నిర్వాహకుడు బాధపడ్డారు. కొత్త పిల్లలే మిగులుతున్న మాట నిజం. వృత్తిని వదిలేస్తున్నారన్న మాట మాత్రం నేను ఒప్పుకోలేను. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వార్డుల్లోనూ ఐసీయూలోనూ 19 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి, ఆరేళ్లుగా ఇదే ఊళ్లో మరో ఆసుపత్రిలో, రోగులకు అక్కడ కొత్త జబ్బులు అంటుకోకుండా చూసే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా ఉన్నాను. రోగి మంచం పక్క నుంచి జరిగాను గానీ వృత్తిలో నుంచి జరగలేదు. ఈ తేడా యాజమాన్యాలకు తెలియకపోవడం వల్ల జరుగుతున్న నష్టాన్ని లోపలి మనిషిగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జరగడానికి కారణం నడుము. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపు కింద పుండ్లు పడతాయి. తిప్పడానికి కనీసం ఇద్దరు కావాలి. నైట్ డ్యూటీలో ఆయా ఇంకో వార్డుకు వెళ్లిందంటే ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, చాలా రాత్రులు కింద పరిచిన దుప్పటి అంచు పిడికిట పట్టి, మోకాలు మంచానికి ఆనించి ఒక్కదాన్నే లాగేదాన్ని. 18వ ఏడు దాటాక ఒక తెల్లవారుజామున అలా లాగినదాన్ని మళ్లీ నిటారుగా నిలబడలేకపోయాను. ఎమ్మారై తీస్తే డిస్కు జారిందన్నారు. పుత్తూరు కట్టు వేయించుకుని రమ్మని మా వీధిలో సగం మంది సలహా ఇచ్చారు. ఎముక విరిగితే ఆ ఊరికి వెళ్లడం మా ప్రాంతంలో అలవాటే గానీ, డిస్కుకు కట్టు లేదని నర్సునై ఉండి నేనే వాళ్లకు చెప్పుకోవలసి వచ్చింది. ఇక మీదట బరువులు ఎత్తకూడదని డాక్టరు రాసిచ్చిన చీటీ తీసుకుని యాజమాన్యం దగ్గరికి వెళితే, బరువు ఎత్తలేని నర్సుకు తమ దగ్గర పని లేదన్నారు. అప్పటికి అదే ఆసుపత్రిలో బీమా కౌంటర్‌లో ఒక ఖాళీ, నాణ్యతా విభాగంలో ఒక ఖాళీ ఉన్నాయి. రెండింటికీ బయటి నుంచి ఎంబీఏ చదివిన వాళ్లను తీసుకున్నారు. నాకు సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏడు నెలలు తిప్పారు.

ఒక్క నా నడుము గురించి చెప్పి ఊరుకుంటే ఇది సొంత గోడు అవుతుంది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం పైన మరో 30 శాతం మంది ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో ప్రమాణం పెట్టింది. నేను చేసిన జనరల్ వార్డు రాత్రుల్లో పన్నెండు మంచాల కంటే తక్కువ చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జీతాల విషయంలో 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలని, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. నేను 19 ఏళ్లు చేసిన చోట ఆ సిఫారసు గురించి ఎవరూ విననట్టే ఉండేవారు. ఇంతటి భారం మీద పడేసి, మనిషి పక్కకు జరిగితే వృత్తిద్రోహం అన్నట్టు మాట్లాడడం భావ్యం కాదు.

ఇంతకూ పక్కకు జరిగిన నర్సు ఏం చేస్తుందో చాలామందికి తెలియదు. నేను కొత్త పనిలో చేరిన వారంలోనే వార్డు సిస్టర్ ఒకామె, "ఏం అక్కా, ఇది ప్రమోషనా, పనిష్మెంటా?" అని నవ్వింది. రోజూ ఐసీయూకు వెళ్లి ఎంతమందికి యూరిన్ క్యాథెటర్ (మూత్రం పోవడానికి వేసే గొట్టం) ఉంది, ఎంతమంది వెంటిలేటర్ మీద ఉన్నారు, ఎవరికి సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో వేసే గొట్టం) ఉంది అని లెక్క రాసుకోవడమే నా పనిలో మొదటి భాగం. పదిమందికి ఐదు రోజులు క్యాథెటర్ ఉంటే 50 క్యాథెటర్ రోజులు అంటాం. అలాంటి 1000 రోజులకు ఎన్ని మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వచ్చాయన్నదే ఆసుపత్రి శుభ్రతకు కొలత. ఒక ఏడాది వేసవిలో ఆ అంకె ఉన్నట్టుండి పెరిగింది. చేతులు కడుక్కోవడం చూశాం, క్యాథెటర్ వేసే పద్ధతి చూశాం, ఎక్కడా లోపం కనిపించలేదు. డాక్టర్లు మందులు మార్చే ఆలోచనలో ఉన్నారు.

నేను ఒక ఉదయం పని మానుకుని స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. ఐసీయూ నుంచి రోగిని ట్రాలీ మీద తెచ్చేటప్పుడు, కింద వేలాడే యూరిన్ బ్యాగు చక్రాలకు తగులుతుందని వార్డు బాయ్ దాన్ని తీసి రోగి రెండు కాళ్ల మధ్య పెడుతున్నాడు. లిఫ్టు కోసం ఆగినంతసేపు, స్కానింగ్ దగ్గర వరుసలో ఆగినంతసేపు బ్యాగు మూత్రాశయం కంటే ఎత్తులో ఉండి, లోపల నిలవ ఉన్న మూత్రం గొట్టం గుండా వెనక్కి పోతోంది. ఆ నెలలో మా స్కానింగ్ యంత్రం ఒకటి పాడై వరుస పెద్దదైంది కాబట్టి అంకె పెరిగింది. ట్రాలీకి పక్కన, పరుపు మట్టానికి కింద ఒక కొక్కెం వేయించడం, బయలుదేరే ముందు బ్యాగు ఖాళీ చేయించడం, ఈ రెండే మేము చేసిన మార్పులు. మరుసటి నెలకు అంకె దిగింది. కంప్యూటర్‌లో ఆ అంకె ఎవరికైనా కనిపిస్తుంది. బ్యాగు కాళ్ల మధ్యకు ఎక్కుతుందన్న అనుమానం మాత్రం, ఒకప్పుడు హడావిడిలో స్వయంగా ఆ తప్పు చేసిన నాలాంటి దానికే వస్తుంది. ఈ కుర్చీలో ఎంబీఏని కాక నర్సును కూర్చోబెట్టాలని నేను అనడానికి కారణం ఇదే.

మేమేదో కొత్త దారి తొక్కుతున్నామని కూడా అనుకోనక్కర్లేదు. చేతిలో దీపం పట్టుకున్న ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మను ప్రతి నర్సింగ్ కాలేజీ గోడ మీద చూస్తాం, మే 12న దానికి దండ వేస్తాం. ఆమె క్రిమియా యుద్ధంలో సైనికుల మధ్య గడిపింది 1854 చివరి నుంచి 1856 వరకు, రెండేళ్లు కూడా నిండలేదు. తర్వాత ఏళ్ల తరబడి అనారోగ్యంతో ఇంటిపట్టునే ఉండి, సైనికులు గాయాల కంటే ఎక్కువగా మురికి వల్ల వచ్చే రోగాలతో చనిపోతున్నారని లెక్కలు కట్టి, రంగుల పటాలు గీసి ప్రభుత్వానికి చూపించింది. మన దేశం ముఖం చూడకుండానే ఇక్కడి సైనిక శిబిరాల పారిశుద్ధ్యం మీద పేజీలకు పేజీలు రాసింది. ఆ నిర్వాహకుడి లెక్క ప్రకారం ఆవిడ కూడా ఆఫీసు కుర్చీలోకి వెళ్లిపోయిన నర్సే.

నాతో కలిసి పనిచేసిన వాళ్లలో కొందరు ఎక్కడెక్కడ ఉన్నారో చెబితే ఈ విషయం ఇంకా స్పష్టపడుతుంది. ఒకామె నగదు రహిత చికిత్సల బీమా కౌంటర్‌లో ఉంది. ముందస్తు అనుమతిని గంటలోపు, డిశ్చార్జి అనుమతిని మూడు గంటల్లోపు తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో కంపెనీలకు గడువు పెట్టింది. గడువు కంపెనీదే అయినా, ఈ రోగిని అసలు అడ్మిట్ చేయవలసిన అవసరమేమిటని కంపెనీ తిరిగి ప్రశ్న వేస్తే, కేస్ షీటులో జ్వరం చార్టు ఏ పేజీలో ఉంటుందో, రాత్రి రెండింటికి బీపీ పడిపోయినట్టు సిస్టర్ రాసిన నాలుగు ముక్కలు ఎక్కడుంటాయో తెలిసిన మనిషి పది నిమిషాల్లో జవాబు పంపగలదు. తెలియని మనిషి డాక్టరు కోసం సాయంత్రం దాకా ఎదురుచూస్తుంది. అంతసేపూ తిరుమల దర్శనానికి వచ్చి మధ్యలో గుండె నొప్పి తెచ్చుకున్న యాత్రికుడి కుటుంబం బ్యాగులు సర్దుకుని బెంచీ మీద కూర్చుని ఉంటుంది. చిత్తూరు వైపు పుట్టి పెరిగిన ఆమెకు అరవం ఇంట్లో మాటంత సులువుగా వస్తుంది కాబట్టి తమిళ యాత్రికులు కౌంటర్ మారినా ఆమెనే వెతుక్కుంటూ వస్తారు.

మా చిన్నమ్మ కూతురు బీఎస్సీ నర్సింగ్ చదివి పల్లెలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా ఉంది. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఉపకేంద్రాలకు వచ్చిన పోస్టు అది, మన రాష్ట్రంలో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అన్న పేరుతోనే జనానికి ఎక్కువ తెలుసు. కేంద్ర ప్రమాణం ప్రకారం మైదాన ప్రాంతంలో సుమారు 5,000 మంది జనాభాకు ఒకరు. బీపీ, షుగరు ఉన్నవారిని కనిపెట్టి, నెల నెలా మందులిచ్చి, అవసరమైతే ఈ-సంజీవని ఆన్‌లైన్ సేవ ద్వారా డాక్టరుతో మాట్లాడించడం వాళ్ల పని. వార్డులో ఉన్నప్పుడు పక్షవాతం వచ్చిన తర్వాత మనిషిని చూసేదాన్ననీ, ఇప్పుడు రాకముందు చూస్తున్నాననీ ఆ అమ్మాయి అంటుంది. అయితే ఉద్యోగం కాంట్రాక్టు పద్ధతిలో ఉండడం, గౌరవ వేతనమూ ప్రోత్సాహకాలూ సమయానికి చేతికి అందకపోవడం ఆమెను వేధిస్తున్న సంగతి కూడా రాయకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఇంకా ఉన్నాయి. అవయవ మార్పిడి చేసే ఆసుపత్రిలో సమన్వయకర్త తప్పనిసరిగా ఉండాలని 1994 నాటి చట్టానికి 2011లో చేసిన సవరణ చెబుతోంది, ఆ పోస్టుకు నర్సు అర్హురాలని 2014 నిబంధనల్లో ఉంది. బ్రెయిన్ డెడ్ అని డాక్టర్లు ప్రకటించిన కొడుకు పక్కన నిలబడ్డ తల్లితో మాట్లాడడం ఎలాగో ఏ కోర్సులోనూ నేర్పలేరు, ఐసీయూలో పదేళ్లు చేసినవాళ్లకు మాత్రం కొంత తెలుస్తుంది. 500 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో వైద్య, నర్సింగ్ సిబ్బందితో అంబులెన్స్ గది (ప్రథమ చికిత్స గది) ఉండాలని చట్టం నిర్దేశిస్తోంది. శ్రీసిటీ మన జిల్లాలోనే ఉన్నందువల్ల ఆ దారి మన అమ్మాయిలకు దగ్గర, కాకపోతే అక్కడా నైట్ షిఫ్టులు తప్పవు. మందుల పరిశోధనలో సమన్వయకర్తలుగా, డయాబెటిస్ విభాగాల్లో రోగులకు ఇన్సులిన్ వేసుకోవడం నేర్పేవారిగా కొందరున్నారు. బోధన గురించి అందరికీ తెలిసిందే కాబట్టి చెప్పనక్కర్లేదు.

ఒక్క మెడికల్ కోడింగ్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు తిరుపతిలో ఏ బస్టాపు గోడ మీద చూసినా ఆ ప్రకటనలే. విదేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, రోగికి చేసిన చికిత్స వివరాలు చదివి, బిల్లు కోసం ఐసీడీ-10 వంటి పట్టికల్లోని సంకేతాలుగా మార్చడం ఆ పని. గౌరవమైన పనే, వ్యాధులూ మందుల పేర్లూ తెలిసిన నర్సుకు త్వరగా పట్టుబడుతుంది కూడా. కానీ కోర్సు ఫీజు కట్టించుకునేవారు చెప్పని సంగతి ఒకటుంది. కోడింగ్ పనికి గుర్తింపునిచ్చే సీపీసీ పరీక్ష పాసైనా ఆ పనిలో అనుభవం లేనివారికి ఇచ్చేది అప్రెంటిస్ హోదా మాత్రమే, అది తొలగేదాకా చాలా కంపెనీలు తలుపు తీయవు. పైగా ఆ కుర్చీలో నాలుగేళ్లు కూర్చున్న తర్వాత మళ్లీ ఆసుపత్రికి రావాలంటే దారి దాదాపు మూసుకుపోతుంది. వార్డులో ఆరు నెలలు కూడా నిండకముందే, నైట్ డ్యూటీ పడలేదని అప్పు చేసి ఫీజు కట్టిన పిల్లలు నాకు తెలుసు. చదివింది నాలుగేళ్ల బీఎస్సీ అయినా మూడేళ్ల జీఎన్‌ఎం అయినా, కనీసం మూడేళ్లు మంచం పక్కన నిలబడకుండా ఈ పక్కదారుల్లో ఏదీ పట్టవద్దని నన్ను అడిగిన ప్రతి పిల్లకూ చెబుతున్నాను. బ్యాగు కాళ్ల మధ్య పెట్టిన అనుభవం లేకపోతే నా కుర్చీలో కూర్చున్నా ఆమెకు కనిపించేది అంకె మాత్రమే.

పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి. డిశ్చార్జి అయి వెళ్తూ ఒక ముసలాయన తలమీద చెయ్యి పెట్టి దీవించడం ఇక ఉండదు. నైట్ అలవెన్సు పోతుంది. చేతి పనితనమూ పోతుంది. పోయిన ఏడాది పిల్లల వార్డులో ఒక పసిబిడ్డకు నరం దొరక్కపోతే, పాత రోజుల్లో నా చెయ్యి మంచిదన్న పేరుంది కాబట్టి నన్ను పిలిచారు. గోరువెచ్చని గుడ్డతో బిడ్డ చెయ్యి తుడిచి, నరం మీద వేలు పెట్టి చూశాను. వేలికి తగులుతోంది గానీ సూది దించే ధైర్యం రాలేదు. పక్కన నిలబడి చూస్తున్న రెండేళ్ల అనుభవమున్న సిస్టర్ చేతికి కాన్యులా ఇచ్చేశాను, ఆమె ఒక్కసారికే వేసింది. ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను.

అయినా అసలు ఇబ్బంది మేము కోల్పోయేదాంట్లో లేదు, మా అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోవడంలో ఉంది. రెండేళ్ల కిందట ఒక సంస్థలో నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్‌లో చేసిన ఏళ్లు "క్లినికల్" అనుభవం కిందికి రావని తీసి పక్కన పెట్టారు. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు లేకపోతే అదే సంస్థకు ఆసుపత్రుల నాణ్యతను ధ్రువీకరించే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు రాదు. గుర్తింపు పత్రానికి నేను నర్సునే, జీతాల పట్టీకి మాత్రం కాదు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో తెచ్చేందుకు పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది కదా, ఆ కమిషన్ కింద తయారయ్యే నిబంధనల్లో ఈ పనులన్నీ నర్సింగ్ సేవగానే లెక్కకు వస్తాయని ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఢిల్లీ దాకా పోకుండా తిరుపతి, చిత్తూరు ఆసుపత్రులే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బీమా, నాణ్యత, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, డిశ్చార్జి కౌన్సెలింగ్ పోస్టులు ఖాళీ అయినప్పుడు బయట ప్రకటన ఇచ్చే ముందు వార్డుల నోటీసు బోర్డు మీద అతికించి, పదేళ్లు దాటిన నర్సులకు మొదటి అవకాశం ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం, రిలీవింగ్ ఆర్డర్ కోసం నెలల తరబడి తిప్పడం మానాలి. అలా తిరిగి తిరిగి విసిగిపోయి, 14 ఏళ్ల ఐసీయూ అనుభవమున్న నా స్నేహితురాలు ఒకామె ఇప్పుడు చీరల దుకాణంలో బిల్లింగ్ దగ్గర కూర్చుంటోంది. కొరత గురించి బాధపడే నిర్వాహకులు లెక్కపెట్టవలసింది ఆమెను, నన్ను కాదు. ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాకు గానీ, రెండేళ్ల క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకు గానీ వెళ్లదలచిన వారికి జీతం లేకున్నా ఉద్యోగం నిలిపి ఉంచే సెలవు ఇవ్వగలిగితే, వాళ్లలో చాలామంది తిరిగి అదే ఆసుపత్రికి, అదే రోగుల దగ్గరికి వస్తారు.

పోయిన వారం మా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగిన ఒక సిస్టర్ ఇంటికి వెళ్లకుండా నా గదికి వచ్చింది. నడుముకు బెల్టు కట్టుకుని ఉంది. తొమ్మిదేళ్ల సర్వీసు. "అక్కా, మీ సీటుకు ఏం చదవాల?" అని అడిగింది. చదవవలసినవి చెప్పి, నేను గణాంకాలు రాసుకునే పాత రిజిస్టరు ఒకటి చేతికిచ్చాను. డ్యూటీలో రోజుకొక గంట ఆమెను నాతో పంపితే ఆరు నెలల్లో పని నేర్పగలనని నర్సింగ్ సూపరింటెండెంట్‌గారికి రాసి ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక సీనియర్ నర్సు,
కొర్లగుంట, తిరుపతి.